ఇంటి గ్లాసు

పాల ట్యాంకరు మూత తీయగానే, అందరూ మీటరు అని పిలిచే మనిషి ముందు వాసన చూస్తాడు. మూత తెరిచిన క్షణంలో వచ్చే వాసనే పాల వాసన. ఆ తర్వాత గాలి కలుస్తుంది. పశువుల కొట్టం, తడిసిన గడ్డి, ట్యాంకరు కడిగిన సబ్బు, ఏవైనా దాక్కుని ఉంటే అప్పుడే పట్టుబడతాయి. వాసన చూశాక పొడవాటి గరిటెతో పాలు పైకీ కిందికీ కలిపి, నమూనా తీసి, నిచ్చెన దిగి ల్యాబ్‌లోకి వస్తాడు. నమూనాను కాచి, గోరువెచ్చగా చల్లార్చి, ఒక గుక్క నోట్లోకి తీసుకుంటాడు. నాలుక మీద తిప్పి సింకులో ఉమ్మేస్తాడు. మింగడు. మింగుతూ పోతే పది ట్యాంకర్లయ్యేసరికి అన్నీ ఒకేలా ఉంటాయని అతనికి పని నేర్పినాయన చెప్పాడు.

వెన్న ఎంతుందో యంత్రం చెబుతుంది. నీళ్లు కలిపితే చెబుతుంది. పులుపెక్కితే చెబుతుంది. రుచి మాత్రం ఎవరో ఒకరు నోరు పెట్టి చూడాల్సిందే. అందుకని ఆ డెయిరీలో ట్యాంకరుకు పైపు తగిలించే ముందు మీటరు "వదలండి" అనాలి. అతని అసలు పేరు జీతాల గదిలో తప్ప ఇంకెక్కడా వినబడదు. అతని నాలుకా యంత్రమూ ఒకే మాట చెబుతాయని ఎప్పుడో ఎవరో పెట్టిన పేరు అతుక్కుపోయింది.

ఆ రోజు అతను "వదలండి" అనలేదు.

"ఉప్పగా ఉంది," అన్నాడు.

ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డ ట్యాంకరు డ్రైవరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమన్నావు?"

"ఉప్పు. పొదుగు వాచిన ఆవు పాలు కలిశాయి."

"పెద్దాయనా, పొద్దున్నే సముద్రం తాగొచ్చావా ఏంటి? ఆ ఆవుల ఫారం నుంచి నాకు మీసం రాకముందు నుంచీ పాలు తెస్తున్నాను."

"మీసం వచ్చింది గానీ కళ్లు రాలేదు నీకు. మొన్న గేటును గుద్దావు."

"గేటు సంగతి వేరు. అదే అడ్డొచ్చింది."

పక్కనున్నవాళ్లు నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. "మొన్న కూడా ఇదే అన్నావు. నువ్వు అన్నావని ఆ ఫారం ఆవిడ పశువుల డాక్టర్ని పిలిపించి ఒక్కో ఆవునూ చూపించింది. దేనికీ ఏమీ లేదు. పాపం ఆవిడ తలెత్తుకోలేకపోయింది. ఇప్పుడు మళ్లీ వెళ్లి ఏం చెప్పమంటావు?"

ల్యాబ్ చూసే మేడం నమూనా తీసుకుని లోపలికి వెళ్లింది. మీటరు కూతురి వయసు ఉంటుంది ఆమెకు. పొదుగు వాపు ఉంటే తెలిపే పరీక్ష చేసింది. తేడా రాలేదు. మళ్లీ చేసింది. ఆ పరీక్ష ఫలితం చూసేదాకా ట్యాంకరు ఎండలో నిలబడే ఉంది.

"ఏమీ లేదు మీటరు గారూ," అంది బయటికొచ్చి, మెల్లగా.

మీటరు మిగిలిన నమూనాను ఇంకో గుక్క తీసుకున్నాడు. అతని నోటికి ఉప్పే తగిలింది. ఉమ్మేసి, "మీ ఇష్టం మేడం," అన్నాడు. పైపు తగిలించమని మేడమే చెప్పింది. అతను ఉండగా ఆ మాట ఇంకొకరు చెప్పడం అంతకు ముందు అక్కడెవరూ చూడలేదు.

రుచి చూసేవాళ్లందరికీ ఏడాదికోసారి పరీక్ష ఉంటుంది. మూడేసి కప్పులు పెడతారు. రెండింట్లో ఒకే పాలు, ఒకదాంట్లో వేరేవి. ఏది వేరో, ఏం వేరో చెప్పాలి. తప్పినవాళ్లు మళ్లీ ఏడాది దాకా ట్యాంకర్ల దగ్గరికి రాకూడదు. ప్యాకింగ్ హాల్లో పని ఇస్తారు. పరీక్ష వచ్చే నెలలో ఉంది.

"ఒకసారి ఊరికే కప్పులు పెట్టి చూద్దామా?" అంది మేడం మధ్యాహ్నం.

ఒక వరుసలో తేడా పట్టుకున్నాడు. ఒక వరుసలో పట్టుకోలేదు. ఇంకో వరుసలో మధ్య కప్పు ముందుకు జరిపి, "ఇది ఉప్పు," అన్నాడు.

"అవి మూడూ ఒకే జగ్గులోవి," అంది మేడం. "మీరేమంటారో చూద్దామని పెట్టాను."

మీటరు ఆ కప్పును మళ్లీ వరుసలోకి జరిపాడు.

"మందులేమైనా వాడుతున్నారా? ఇంట్లో ఏమైనా మారిందా?"

"జలుబు చేసింది మేడం. అంతే."

జలుబు చేసినవాడు ట్యాంకరు ఎక్కకూడదన్న నియమం పెట్టించిందే మీటరు. ఆ సంగతి మేడానికీ తెలుసు. ఆమె కప్పులు తీసుకెళ్లి కడిగింది.

*

ఇంట్లో మారింది పాలు.

ఎండాకాలం మొదట్లో అతనికి ప్రోస్టేట్ గ్రంథిలో చిన్న గడ్డ ఉందని తేలింది. క్యాన్సరే. అయితే నెమ్మదిగా పెరిగే రకమనీ, ఇప్పుడు కోయాల్సిన పని లేదనీ, అప్పుడప్పుడూ రక్త పరీక్ష చేస్తూ కనిపెట్టుకుని ఉందామనీ డాక్టరు చెప్పాడు. మీటరు తలూపాడు. అతని భార్య డాక్టరు చెప్పిందంతా రెండుసార్లు చెప్పించుకుంది. కూతురు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇంటికి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని దిగేదాకా ఫోన్లో చదువుతూనే ఉంది.

ఇంటికి రాగానే ఫ్రిజ్ తలుపు తీసింది. పాలు సింకులో పోసింది. పెరుగు గిన్నె, వెన్న, చీజ్ సంచిలో వేసి కింది వాటాలో వాళ్లకు ఇచ్చి వచ్చింది.

"దొంగలు పడ్డా ఇంత శుభ్రంగా ఊడ్చరే," అంది తల్లి.

"పాలు ఎక్కువ తాగే మగవాళ్లకు ఈ క్యాన్సర్ ఎక్కువ వస్తోందట అమ్మా. చదివాను."

"మీ నాన్నకు వస్తే నా టీ ఏం పాపం చేసింది? నాకు ఆ గ్రంథే లేదు కదే!"

"ఇంట్లో ఉంటే నాన్న తాగుతాడు."

"డెయిరీలో పనిచేసే మనిషి ఇంట్లో పాలు లేవంటే నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ."

మీటరు కల్పించుకోలేదు. ఆసుపత్రికి వెళ్లి వచ్చిన దగ్గర్నుంచీ కూతురు రాత్రిళ్లు హాల్లో తిరగడం అతను పక్క మీంచి వింటున్నాడు. మర్నాటి నుంచి ఆమె తెల్లవారుజామునే లేచి, నానబెట్టిన ఓట్స్‌లో నాలుగు ఖర్జూరాలు వేసి రుబ్బి, గుడ్డలో వడకట్టడం మొదలుపెట్టింది. ఆ గుడ్డను మెలిపెట్టి పిండి, ఇంకా ఏమైనా వస్తుందేమోనని మళ్లీ పిండేది. గ్లాసు తండ్రి చేతికిచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడేది.

"బాగుందా?"

"బాగుందమ్మలూ."

ఎవరి పాలలో ఏ లోపముందో వాళ్ల ముఖం మీదే చెప్పి జీతం తీసుకునే మనిషి అతను.

ఆమె ఓట్స్ పాలు మొదలుపెట్టిన వారానికి హాల్లో అడుగుల చప్పుడు ఆగిపోయింది.

అంతకు ముందు, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ, మీటరు పొద్దున లేవగానే కాచి చల్లార్చిన పాలు ఒక గ్లాసు తాగేవాడు. చక్కెర వేయనిచ్చేవాడు కాదు. ఆకలి కోసం తాగేది కాదు అది. పని నేర్పినాయన చెప్పిన పద్ధతి. నాలుకకు ముందు తెలిసిన పాలు రుచి చూపించు, తర్వాత తెలియని పాల గురించి అడుగు అనేవాడాయన. ఇంటి గ్లాసు అనేవాడు దాన్ని. డెయిరీలో కొత్తగా చేరినవాళ్ల కోసం ఇదే పనికి ఫ్రిజ్‌లో మంచి పాలు పెట్టి ఉంచుతారు. మీటరు వాటిని ముట్టుకునేవాడు కాదు. "అవి పిల్లలకు," అనేవాడు.

ఇంటి గ్లాసు పోయాక ఆ ఫ్రిజ్ తలుపు తీసి ఉంటే సరిపోయేది. తీస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే జబ్బు సంగతి చెప్పాలి, కూతురి సంగతి చెప్పాలి. పైగా ఇన్నేళ్లకు తానూ పిల్లల్లో ఒకడైనట్టు ఉంటుంది. రోజూ ఖర్జూరం తీపితో తడిసిన నాలుకతో డెయిరీకి వెళ్లి, మామూలు పాలు నోట్లో పోసుకుని, వాటి సన్నని తీపి అందక, ఉప్పు అనడం మొదలుపెట్టాడు.

*

కూతురు కళ్లద్దాల దుకాణంలో కళ్లు పరీక్ష చేస్తుంది. డ్రైవరు అక్కడికి లైసెన్స్ కోసం చూపు పరీక్ష చేయించుకోవడానికి వచ్చాడు. వస్తూనే, తాను ఎవరో, ఆమె ఎవరి కూతురో దుకాణమంతా వినబడేలా చెప్పాడు.

"మీ నాన్నతో చెప్పకు గానీ తల్లీ, ఆ రోజు గేటు నాకు నిజంగానే కనబడలేదు."

"ఈ కళ్లద్దాలు ఎవరు రాశారు బాబాయ్?"

"రాయడమేంటి? మా బావమరిదివి. వాడు కొత్తవి చేయించుకున్నాడు. ఇవి ఖాళీగా పడున్నాయి కదా అని నేను పెట్టుకుంటున్నా."

ఆమె అద్దాలు తీసుకుని దీపానికెదురుగా పెట్టి చూసింది. "ఎన్నాళ్లయింది?"

"నెల దాటింది. మొదట్లో తల తిరిగేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు తీస్తేనే తిరుగుతోంది."

"అయితే ఇప్పుడు పరీక్ష చేసినా తప్పే వస్తుంది. కాసేపు కళ్లు మూసుకుని కూర్చో. అవి వాటి దారికి రావాలి."

డ్రైవరు కళ్లు మూసుకున్నాడు. నోరు మూసుకోలేదు.

"మీ నాన్నకు ఏదో అయిందమ్మా. ఏ ట్యాంకరు చూసినా ఉప్పంటున్నాడు. మేడం పరీక్ష చేస్తే ఏమీ ఉండటం లేదు. నేనూ కోపంలో ఏదో అనేశాను, ఏమనుకోకు. వచ్చే నెల పరీక్షలో తప్పితే ప్యాకింగ్ హాలుకు పంపేస్తారంట. మీటరు లేకపోతే నేనెవరితో పోట్లాడాలి? మిగతావాళ్లకు తిట్టడం కూడా చేతకాదు."

ఆమె చేతిలో బావమరిది కళ్లద్దాలు అలాగే ఉన్నాయి.

"ఎప్పట్నుంచి బాబాయ్?"

"నెల దాటింది," అన్నాడు డ్రైవరు, కళ్లు తెరవకుండానే.

ఆమె లెక్క వేసుకోవాల్సిన పని లేకపోయింది. నానబెట్టిన ఓట్స్, ఖర్జూరం, గుడ్డ, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. తండ్రి నాలుకకు తాను ఇంకొకరి కళ్లద్దాలు పెట్టింది. తల తిరుగుతోందని ఆయన చెప్పలేదు.

డ్రైవరు కళ్లు తేరుకున్నాక పరీక్ష మొదలుపెట్టింది. అద్దం మార్చి మార్చి అడిగింది. "ఒకటోదా, రెండోదా?" చివరికొచ్చేసరికి డ్రైవరు తటపటాయించాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయి తల్లీ."

"అయితే అయిపోయింది. దిగు."

"అదేంటి? తెలియలేదంటే ఫెయిలు కాదా?"

"ఒకేలా ఉన్నాయనడమూ జవాబే బాబాయ్. ఆ జవాబు కోసమే ఇంతసేపు మార్చాను. సిగ్గుపడి ఏదో ఒకటి చెబితేనే తప్పు అద్దాలు వస్తాయి."

*

సాయంత్రం మీటరు చెప్పులు విప్పుతుండగానే ఆమె అడిగింది.

"నాన్నా, పాలు ఉప్పగా ఉంటున్నాయా?"

మీటరు రెండో చెప్పు విప్పడం మర్చిపోయాడు. "ఆ డ్రైవరు నోట్లో నువ్వు గింజ నానదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏముంది చెప్పడానికి? ప్యాకింగ్ హాలు మాత్రం డెయిరీ కాదా? కూర్చుని చేసే పని. నిచ్చెనెక్కక్కర్లేదు."

"నాన్నా."

"నువ్వు చీకటితో లేచి ఆ గుడ్డ పిండుతుంటే ఏమని చెప్పను అమ్మలూ? అది చేయడం మొదలుపెట్టాక నిద్రపోతున్నావు. అంతకు ముందు రాత్రంతా హాల్లో తిరిగేదానివి. నేను విన్నాను."

ఆమె వంటింటి గడపలో నిలబడిపోయింది. తల్లి లోపలి నుంచి అందుకుంది.

"నేను మొదటి రోజే చెప్పాను, ఇది మంచిది కాదని. నా మాట ఎవరు విన్నారు?"

"నువ్వు చెప్పింది నీ టీ గురించి అమ్మా."

"ఏదైనా టీతోనే తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో నేను పెట్టిన మొదటి టీ తాగి, పాలు నిన్నటివి అన్నాడీయన. మా అమ్మ ముందు! అలాంటి మనిషి నెల రోజులుగా నీ ఓట్స్ నీళ్లు తాగి బాగుంది బాగుంది అంటుంటే, నేనూ అనుకున్నాను, ఈయనకు జబ్బు బాగా ముదిరిందని."

మీటరు నవ్వాడు. కూతురు కూడా నవ్వబోయి, ముఖం అటు తిప్పుకుంది. కాసేపటికి ఇటు తిరిగింది.

"పాలు ఇస్తే నాకు భయం. ఇవ్వకపోతే నీ పని పోతుంది. నేను ఫోన్లో చదివినదాన్ని పట్టుకుని నిన్ను ఇంత కష్టపెట్టాను. డాక్టర్ని మాత్రం అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని అడగలేదు."

"అడుగుదాం పద," అన్నాడు మీటరు. "ఆయన తాగొద్దంటే తాగను. ప్యాకింగ్ హాల్లో చలి ఎక్కువ, ఒక స్వెట్టరు అల్లిపెట్టు, చాలు."

*

ముగ్గురూ వెళ్లారు. డాక్టరు ఎదురుగా రెండే కుర్చీలుంటే మీటరు నిలబడ్డాడు. కూతురు దాచుకున్న ప్రశ్న అడిగేసింది.

"పాల వల్ల వచ్చిందా ఇది?"

"చెప్పలేను," అన్నాడు డాక్టరు. "చాలామంది మగవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ చేసిన అధ్యయనాలున్నాయి. పాలూ పాలతో చేసినవీ బాగా ఎక్కువగా తీసుకునేవాళ్లలో ఈ క్యాన్సర్ కాస్త ఎక్కువగా కనబడింది, కొన్నింట్లో. కొన్నింట్లో కనబడలేదు. కనబడినచోట కూడా అది పాల వల్లనా, వాళ్ల మిగతా అలవాట్ల వల్లనా అన్నది గట్టిగా తేలలేదు. మీరు చదివింది అబద్ధం కాదు. సగం."

"మిగతా సగం?"

"పెద్ద పేగు క్యాన్సర్ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. పాలు తాగేవాళ్లలో అది కాస్త తక్కువ."

"విన్నావా?" అంది తల్లి కూతురి మోచేతిని పొడుస్తూ. "నాకు పేగులున్నాయి."

డాక్టరు మీటరు వైపు చూశాడు. "ఎంత తాగేవారు?"

"పొద్దున ఒక గ్లాసండి."

"పొద్దున గ్లాసు, పూటపూటకూ పెరుగు, రొట్టె కనబడకుండా వెన్న, నేను అటు తిరిగితే ఫ్రిజ్‌లో చీజ్ ముక్క," అంది భార్య. "అదీ చెప్పండి."

"అవి తగ్గించండి," అన్నాడు డాక్టరు. "బరువు కోసమైనా తగ్గించాలి."

"డెయిరీలో రోజంతా నోట్లో వేసుకునేవి?" అంది కూతురు.

"మింగుతారా?"

"ఉమ్మేస్తానండి."

"ఉమ్మేసినవాటి గురించి నేనేమీ చదవలేదు," అన్నాడు డాక్టరు. మీటరు భార్య పకపకా నవ్వింది.

కూతురు నవ్వలేదు. "పొద్దున ఆ ఒక్క గ్లాసూ తాగొచ్చా, వద్దా? ఒక మాట చెప్పండి."

"ఒక్క గ్లాసు తాగొద్దనడానికి నా దగ్గర ఆధారం లేదమ్మా. దానివల్ల ఏమీ కాదని హామీ ఇమ్మంటే, అదీ ఇవ్వలేను. ఆ గడ్డ ఎటు నడుస్తోందో మనకు చెప్పేది రక్త పరీక్ష. దాన్ని తప్పించొద్దు. అది నేను గట్టిగా చెప్పగలను."

"అంటే ఒక గ్లాసు దగ్గర, తాగినా తాగకపోయినా, మీకు తేడా కనబడటం లేదు."

"నేను చూడగలిగినంతలో కనబడటం లేదు."

మీటరు కూతురి వైపు చూశాడు. ఆమె వాదిస్తుందనుకున్నాడు. ఆమె ఒళ్లో సంచి పట్టుకుని కూర్చుంది. రోజూ దుకాణంలో కుర్చీలో కూర్చున్నవాళ్లను ఆమె అడిగేది ఇదే. తేడా లేదని వాళ్లంటే నమ్ముతుంది. నమ్మి ఆ అద్దాలే కట్టిస్తుంది.

"సరే," అంది లేచి. "పోయేటప్పుడు పాలు కొనుక్కుని వెళదాం."

"నా టీకి కూడా కలిపి కొను," అంది తల్లి.

*

మర్నాడు మీటరు మేడం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఆ రోజు జలుబు లేదు మేడం. ఒంట్లో బాగాలేక ఇంట్లో పాలు మానేశాం. నాలుక దారి తప్పింది. నాకు తెలుస్తూనే ఉంది, చెప్పలేదు. కొన్నాళ్లు నా మాట మీద ట్యాంకర్లు ఆపొద్దు. ఆ ఫ్రిజ్‌లో పాలు నాకూ ఇవ్వండి."

మేడం ఏం బాగాలేదని అడగలేదు. ఫ్రిజ్ తీసి, సీసాలోంచి కప్పులో పోసి ఇచ్చింది. "జలుబు తగ్గిందన్నమాట."

"తగ్గుతోంది మేడం."

నాలుక వెంటనే రాలేదు. ఇంట్లో కూతురు ఇచ్చిన గ్లాసు మొదటి రోజున ఉప్పగానే ఉంది. తాగి అదే చెప్పాడు. రెండో రోజు కూడా చెప్పాడు. ఆమె ఖర్జూరం డబ్బా పై అరలోకి ఎక్కించింది. ఒక పొద్దున అతను గ్లాసు సగంలో ఆపి, కిటికీలోకి చూస్తూ, "ఇవి పాలే," అన్నాడు. ఆమె ఆ రోజు దుకాణానికి ఆలస్యంగా వెళ్లింది.

ఫారం ఆవిడకు ఫోన్ చేసి తన పొరపాటని చెప్పాడు. ఆవిడ కాసేపు తిట్టింది. తర్వాత ఆవులకు ఏమీ లేదని తేలింది కదా, ఒక బెంగ తీరిందిలే అంది. డ్రైవరు దగ్గరికీ వెళ్లాడు. డ్రైవరు కొత్త కళ్లద్దాల్లోంచి అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఇప్పుడు నీ ముఖం స్పష్టంగా కనబడుతోంది పెద్దాయనా. ఇన్నాళ్లూ బాగానే ఉందనుకున్నా."

"గేటు కనబడుతోందా?"

"గేటు నీకన్నా నయం."

పరీక్ష రోజు బల్ల మీద కప్పులు వరుసలుగా పెట్టి ఉన్నాయి. మీటరు ఫ్రిజ్ పాలు ఒక గుక్క తీసుకుని ఉమ్మేశాడు. ఒక వరుసలో మాడు వాసన పట్టుకున్నాడు. ఒకదాంట్లో నీళ్లు. ఒకదాంట్లో ఉప్పు, చిటికెడు కన్నా తక్కువ. పట్టుకున్న ప్రతిసారీ కప్పు ముందుకు జరిపి లోపం పేరు చెప్పాడు. మేడం ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు.

చివరి వరుస దగ్గర ఆగాడు. మొదటి కప్పు, రెండోది, మూడోది. నీళ్లు పుక్కిలించి మళ్లీ మొదటినుంచి. పక్క బల్ల దగ్గర కుర్రవాళ్లు అతని చెయ్యి ఏ కప్పు మీదికి వెళుతుందోనని చూస్తున్నారు. మధ్య కప్పు మీద చెయ్యి పెట్టాడు. నెల కిందట జరిపింది కూడా మధ్య కప్పే. చెయ్యి తీసేశాడు.

"ఇందులో తేడా లేదు మేడం."

"ఆలోచించి చెప్పండి. మళ్లీ అడగను."

"ఉంటే నాకు దొరకలేదు. దొరకనిది చెప్పలేను. మూడూ ఒకేలా ఉన్నాయి."

బయట ట్యాంకరు హారన్ మోగింది. మేడం ఆ మూడు కప్పులూ, అవి వచ్చిన ఒకే జగ్గులోకి తిరిగి వంపింది.

"మీ ట్యాంకరు వచ్చినట్టుంది, వెళ్లండి," అంది. "ఆ డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీయడు."

మీటరు నిచ్చెన ఎక్కి మూత తీశాడు. వాసన చూశాడు. కలిపి, నమూనా తీసి, కాచి, చల్లార్చి, ఒక గుక్క తిప్పి ఉమ్మేశాడు. డ్రైవరు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వదలండి," అన్నాడు మీటరు.

*

మర్నాడు సెలవు. పరగడుపున అక్కర్లేని ఆ రక్త పరీక్షకు వెళ్లాల్సిన రోజు. కూతురు తోడు వస్తానని తయారై కూర్చుంది. మీటరు కిటికీ దగ్గర నిలబడి ఇంటి గ్లాసు తాగుతున్నాడు. వెన్న, చీజ్ ఇంట్లోకి తిరిగి రాలేదు. పెరుగు రోజుకొక్క పూట వచ్చింది. తల్లి టీ మాత్రం పూర్వవైభవంతో వచ్చింది.

"నాన్నా, ఇప్పుడైనా నిజం చెప్పు. నా ఓట్స్ పాలు ఎలా ఉండేవి?"

మీటరు గ్లాసు దించి, పనిలో ఉన్నప్పటి ముఖం పెట్టాడు. "పిండి వాసన. తీపి ఎక్కువ. అడుగున గరుకు. వడకట్టడం మాత్రం బాగుండేది."

"ట్యాంకరులో వచ్చి ఉంటే?"

"గేటు దగ్గరే వెనక్కి పంపేవాణ్ణి."

"మరి ఒక్క చుక్క మిగల్చకుండా తాగావు!"

మీటరు గ్లాసు మళ్లీ ఎత్తి అడుగుదాకా తాగాడు. భార్య టీ గ్లాసు చేత్తో పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఆ ట్యాంకరు తోలుకొచ్చింది నువ్వు కదే," అంది. "ఇక బయల్దేరండి, ఆసుపత్రి దగ్గర వరస పెరుగుతుంది."